గుమ్మానికి తుమ్మకంప

మా ఆయన పోయిన రోజు మంచి నక్షత్రం కాదన్నారు. పోయేవాడు పంచాంగం చూసుకుని పోతాడా అని అడగాల్సింది. అడగలేదు. ఆ పదకొండు రోజులూ నేను ఎవరినీ ఏమీ అడగలేదు. కూర్చోమంటే కూర్చున్నాను, తినమంటే తిన్నాను. ఏడవమని కూడా ఎవరో చెప్పారు. అది మాత్రం చేతకాలేదు.

అప్పుడు మేము బాన్సువాడలో పాత లైన్ ఇళ్లలో కిరాయికి ఉండేవాళ్లం. ఒకే గోడకు ఆనుకుని వరుసగా గదులు, పైన రేకులు, అందరికీ కలిపి ఒకే నల్లా. ఒకరింట్లో మిరపకాయ వేయిస్తే నాలుగిళ్లవాళ్లు దగ్గేవాళ్లు. మా ఆయన వరికోత మిషన్లు బాగుచేసేవాడు. కోతల రోజుల్లో వర్ని వైపు పొలాల్లోనే ఉండి, ఒంటినిండా గ్రీజుతో ఇంటికి వచ్చేవాడు.

ఆ లైన్ మొత్తం కూల్చి పెద్ద కాలనీ కడతారని అప్పటికి రెండేళ్లుగా అంటున్నారు. రోడ్డు వైపు అమ్మకానికి ఫ్లాట్లు, కింద దుకాణాలు. వెనకవైపు ఒక బ్లాకు మాత్రం లైన్‌లో ఉంటున్న మాబోటివాళ్లకు, తక్కువ కిరాయికి. నౌకరీదారులు ముందు, మేము వెనక. అయినా ఒకటే గేటు అని మా ఆయన మురిసిపోయేవాడు. "ఇంట్లనే నల్లా ఉంటదట బిడ్డా" అని పిల్లకు రోజూ చెప్పేవాడు. దానికప్పుడు తొమ్మిదేళ్లు. బిందె మోసేది అదే కాబట్టి దానికే ఎక్కువ సంబరం.

ఆ బ్లాకులో ఇల్లు రావాలంటే షరతు ఒకటే. సర్వేకు వచ్చిన రోజు మనిషి ఇంట్లో కనపడాలి. పొయ్యి, సామాను, మనిషి, మూడూ ఒకే ఫొటోలో పడాలి. వేరేచోట ఉంటూ ఇక్కడ పేరు రాయించుకునేవాళ్లు ఎక్కువయ్యారని ఆ ఏర్పాటు. సర్వే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా ఆయన ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద నడుం వాల్చి, ఇక లేవలేదు. సర్వే అప్పటికింకా రాలేదు.

పంతులు మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలన్నాడు. మాకిది కొత్త సంగతి కాదు. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే, ఆ ఇంటికి తాళం వేసి, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి, గడువు తీరేదాకా అటు తొక్కరు. ముందే తెరిస్తే, తెరిచినవాళ్లలో ఇంకొకరు పోతారని నమ్మకం. మా ఇంట్లో ఇంకొకరు అంటే ఎవరు? నేను, పిల్ల. అంతే లెక్క.

మా ఆయన అన్న, నాకు బావ, కాలువ గట్టు మీద తుమ్మకంప కొట్టుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టాడు. తాళంచెవి పక్కింటి అవ్వ చేతికిచ్చాను. మా పిల్లకు తలదువ్వి బడికి పంపింది ఎప్పుడూ ఆ అవ్వే. రెండు సంచులు, పిల్ల, నేను బీర్కూర్‌లో మా అక్క ఇంటికి చేరాం.

నెల దాటాక ఒక పొద్దున అవ్వ ఫోన్ చేసింది.

"సర్వేటోళ్లు అచ్చిన్రు బిడ్డా. అందరియి రాస్తున్రు. మీ ఇల్లు ఎవలదని అడుగుతున్రు."

"చెప్పినవా?"

"చెప్పిన. తాళముంటే రాసేది లేదంటున్రు. గంటసేపు ఆగమని బతిమాలుత, నువ్వు బస్సెక్కి రా. కంప నేను తీస్త. తాళం నేనే తీస్త. కాటికి కాళ్లు సాపినదాన్ని, నాకేమైతే ఏంది?"

బస్సు అప్పుడే రోడ్డు మీద ఆగి ఉంది. కండక్టర్ కేకలు ఇంట్లోకి వినపడుతున్నాయి. పిల్ల గడప మీద కూర్చుని చెరుకు ముక్క నములుతోంది. పిప్పి ఊసి, మళ్లీ కొరికి, చేతికి కారిన రసం గౌనుకు తుడుచుకుంది. మా అక్క నా ముఖం చూసి విషయం అర్థం చేసుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తియ్యకు అవ్వా" అన్నాను.

ఆ మూడు నెలల్లో నా అంతట నేను ఆడిన మాట అదొక్కటే. నక్షత్రాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. కానీ నమ్మనిదాని మీద ఆస్తి పందెం కాయొచ్చేమో గాని పిల్లను కాయలేం. బస్సు వెళ్లిపోయింది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

గడువు తీరాక మంచిరోజు చూసి వెళ్లాం. బావ కంప తీశాడు. ఇల్లంతా కడిగి పాలు పొంగించాం. తూర్పుకు పొంగాయని అక్క సంతోషపడింది. నేనూ తల ఊపాను. మర్నాడు సర్వేవాళ్ల ఆఫీసు గోడకు అంటించిన జాబితా చూడబోతే, మా గది నంబరుకు ఎదురుగా ఖాళీ అని రాసి ఉంది.

లోపల కూర్చున్నాయన మంచివాడే. ఫైలు తీసి ఫొటో చూపించాడు. తలుపు, తాళం, ఎండిపోయిన తుమ్మకంప. కంపకు ఎక్కడిదో ఒక ప్లాస్టిక్ కవరు చిక్కుకుని ఉంది.

"మీరే సూడుండ్రి అమ్మా, గిది మనుషులుండే ఇల్లు లెక్క ఉన్నదా?"

సంగతంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నాకు తెల్వదా అమ్మా? మా నాయిన పోయినప్పుడు మేము గూడ ఆర్నెల్లు ఇడిసిపెట్టినం. కని ఫారంల నక్షత్రానికి గడి లేదు. తాళం ఉన్నదా లేదా, గంతే."

పోట్లాడాల్సిన చోటు అది. పక్క గదుల ఆడవాళ్లయితే ఆఫీసును పైకప్పుతో సహా లేపేవాళ్లు. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. పన్ను పీకేముందు సూది పొడిస్తే చెంప ఎలా అవుతుందో, మనిషినంతా అలా ఉన్నాను. కొరికినా తెలియదు. ఖాళీ అయితే ఇస్తామని వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకున్నారు. రాసుకోనీ అనుకున్నాను.

తర్వాత లైన్ కూల్చారు, కాలనీ కట్టారు. లైన్‌లోవాళ్లంతా వెనక బ్లాకులోకి వెళ్లారు. మేము మార్కెట్ వెనక సందులో గది చూసుకున్నాం. అది ఖాళీ చేయమంటే ఇంకోటి. ఇప్పుడున్నది నాలుగోది. మెట్ల కింద గది, తలుపు పూర్తిగా తెరుచుకోదు. పని మాత్రం ఆ కాలనీలోనే దొరికింది. రోడ్డు వైపు ఫ్లాట్లలో రెండిళ్లలో వంట, గిన్నెలు. ఆ వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక బ్లాకు వసారాలన్నీ కనపడతాయి, ఆరేసిన బట్టలతో సహా. ఏ చీర ఎవరిదో చెప్పగలను.

ఒకసారి అవ్వ బలవంతంగా తన ఇంటికి లాక్కెళ్లింది. "సూడు బిడ్డా, ధార ఎట్ల వస్తదో" అని నల్లా తిప్పింది. మరుక్షణమే ఏం గుర్తొచ్చిందో కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఆనాడు నిన్ను అడగకుంట తీయాల్సింది. తాళంసెవి నా బొడ్లెనే ఉండె."

"తీస్తే నిన్ను బతకనిద్దునా అవ్వా" అన్నాను. ఇద్దరం నవ్వాం. చాయ్ తాగి వచ్చేశాను.

మధ్యలో ఒక వానాకాలం పిల్లకు డెంగీ వచ్చింది. దవాఖానలో తొమ్మిది రోజులు. బతికింది. మా అక్క దేవుడికి దండం పెట్టి, "ఆ పొద్దు ఇల్లు తెరువకుంటివి, గందుకే దక్కింది" అంది. ఇల్లు పోయిందని ఏడవబోతే పిల్ల దక్కింది కదా అంటారు. దాంతో ఏడుపు కూడా తప్పయింది.

నెల కిందట అవ్వ పోయింది. ఇంట్లోనే, నిద్రలో. మళ్లీ నక్షత్రం బాగాలేదు, మళ్లీ మూడు నెలలు. అవ్వ కొడుకు తాళం వేసి, మోటార్ సైకిల్ మీద కంప తెచ్చి, రెండో అంతస్తు వసారాలో తలుపుకు అడ్డం పెట్టాడు. కోడలు వర్ని వెళుతూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నీకు తెలుసు గద అక్కా" అంది. నాకు తెలుసు. ఆ బ్లాకులో చెకింగ్ ఉంటుందనీ, తాళం కనపడితే ఇల్లు వెయిటింగ్ లిస్టువాళ్లకు పోతుందనీ కూడా తెలుసు.

మొన్న సోమవారం గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూశాను. రిజిస్టరు పట్టుకుని ఇద్దరు వెనక బ్లాకు మెట్లెక్కుతున్నారు.

నేను ఆలోచించానని చెప్పను. నురగ చేతులతోనే దిగాను. వాళ్లు మొదటి అంతస్తులో తలుపులు కొడుతుండగా పక్క మెట్ల నుంచి రెండో అంతస్తుకు వెళ్లాను. కంప లాగేస్తే ముల్లు అరచేతిలో దిగింది. దాన్ని వసారా చివర నీళ్ల డ్రమ్ము వెనక్కి తోసి తాళం తీశాను. మూసిన ఇంటి వాసన. గ్యాస్ వెలిగించి, నల్లా తిప్పి, గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టాను. అంతలో వాళ్లు వచ్చారు.

"ఇంట్ల ఎవలుంటరు?"

అవ్వ కొడుకు పేరు చెప్పాను. పనికి పోయాడన్నాను.

"మీరేమైతరు?"

"అక్కను."

"పొయ్యి కాడ నిలబడుండ్రి."

నిలబడ్డాను. ఫొటో తీసుకుని పక్క ఇంటికి వెళ్లారు. వాళ్లు పై అంతస్తు ఎక్కేదాకా ఆగి, పొయ్యి ఆర్పి, నీళ్లు పారబోసి, తాళం వేసి, కంప తెచ్చి ఎప్పటిలా అడ్డం పెట్టాను. కిందికి దిగుతుంటే, వెయిటింగ్ లిస్టులో నా పేరు కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. గేటు దాకా మామూలుగానే నడిచాను.

గేటు దాటాక ఆగిపోయాను. గడువు లోపల తెరిచింది నేను. మా ఇంట్లో ఇంకొకరు అంటే ఇప్పటికీ పిల్ల ఒక్కతే. మిగిలిన గిన్నెలు వదిలేసి మార్కెట్ గుండా పరుగులాంటి నడకతో గదికి వచ్చాను. ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉంది. వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"ఏందమ్మా, చెయ్యికి రక్తం?"

నుదురు చల్లగానే ఉంది. ఏమీ లేదని చెప్పి, చెయ్యి మాత్రం తీయలేకపోయాను. అప్పుడు ఏడుపొచ్చింది. మా ఆయన పోయిననాటిది, ఇల్లు పోయిననాటిది, అన్నీ కలిసి వచ్చాయి. పిల్ల బెదిరిపోయి నా అరచేతికి పసుపు అద్దింది.

అవ్వ ఇంటి గడువుకు ఇంకా రెండు నెలలుంది. నక్షత్రాలను నేను నమ్మను. రోజూ పొద్దున అది లేవకముందే నుదురు ముట్టి చూస్తున్నాను.