కంపెనీది కాని ర్యామ్

రామన్నపేటలో మా ఫొటో స్టూడియోకు ఒకటే కంప్యూటర్. పేరు వర్క్‌స్టేషనే గానీ, వర్క్ అంటే దానికి గిట్టేది కాదు.

ఒకరోజు, మేం తీసిన ఒక పెళ్లి వీడియో చూద్దామని పెళ్లికూతురు తండ్రి తన బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. తలంబ్రాలు మొదలవగానే బొమ్మ బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే, వధూవరుల వెనక నిలబడ్డ ఈ బామ్మర్ది ముక్కులో వేలు పెట్టుకుని ఉన్నాడు. నేను ఏ మీట నొక్కినా ఆ వేలు బయటికి రాలేదు.

"జర ముందుకు జరుపు తమ్మీ," అన్నాడు బామ్మర్ది, గొంతు తగ్గించి. పెళ్లికూతురు తండ్రి నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కంప్యూటర్ కంపెనీకి ఫోన్ చేస్తే, లోపలి మెమరీ చాలట్లేదు, ర్యామ్ పెంచాలన్నారు. అదీ తమదే వేయాలట. బయటిది వేస్తే తమకు సంబంధం లేదట. ధర వినగానే నా భార్య ఫోన్ లాక్కుంది.

"అన్నా, మేం అడిగింది ర్యామ్. ఇల్లు కట్టే జాగ కాదు."

మర్నాడు పాత ర్యామ్ ఒకటి ఊడదీసి, రుమాలులో చుట్టుకుని, ఇద్దరం నల్లగొండ బస్సెక్కాం. అక్కడ విడిభాగాలమ్మే ఒక ముసలి సాయబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిసొంటిదే వేరే కంపెనీది ఉన్నది. ఇస్త."

"నడుస్తదా చాచా? గా కంపెనీది కాదు గదా!"

"మిషన్‌కు స్టిక్కర్ చదువుడు రాదు బేటా. రకం కలిస్తే చాలు."

"నడవకపోతే?" అంది నా భార్య.

"వాపస్ తే బిడ్డా. నేనేడికి పోత?"

వీడియోలు దాచుకోవడానికి కొత్త డిస్క్ కూడా తీసుకుని ఇంటికొచ్చాం. అన్నీ బిగించి స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది. లోపల ఏదో కీచుకీచుమని ఏడుస్తోంది. చాచాను నోటికొచ్చినట్టు తిట్టాను.

"గట్ల ముట్టీముట్టనట్టు పెడ్తే ఎట్ల కూసుంటది? గట్టిగ ఒత్తు," అంది నా భార్య.

"ఇరుగుతది!"

"నువ్వు జరుగు."

స్విచ్ ఆపి, నిండిన ఇనప్పెట్టె మూత మూసినట్టు రెండు బొటనవేళ్లతో ర్యామ్‌ను అదిమింది. టక్కుమంది. తను మళ్లీ స్విచ్ వేస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తెర వెలిగింది. చాచాకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ వారంలోనే పెళ్లి వీడియో ఇచ్చేశాం. కథ ఊళ్లో పాకింది. ఇప్పుడు ఎవరి కంప్యూటర్ మొండికేసినా మా దగ్గరికే మోసుకొస్తారు. గుమ్మంలో నన్ను చూసి, "అక్క లేదా?" అంటారు. నేను కుర్చీ వేసి, చాయ్ తెప్పిస్తాను.