వంక దగ్గర నేను ఆగలేదు

రైల్వే అన్న పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, రాయదుర్గంలో మా జీన్స్ కుట్టే యూనిట్లో మిషన్లు అప్పుడే మొదలయ్యాయి. ఆ రొదలో ఏమీ వినపడక ఫోను చెవికి అదుముకుని బయటికి వచ్చాను. అవతల వదిన.

"మీ అన్న పోయినాడప్పా. డ్యూటీకని చొక్కా తొడుక్కుంటాండె, ఆడనే కూలబడినాడు. ముందు నీకే చెప్పాలనిపించింది."

ఆమె నన్ను ఆయనకు తమ్ముడిలాంటి వాడనుకుంటోంది. నేనేం చేశానో ఆమెకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన నాకు బంధువు కారు. గుంతకల్లు లోకోషెడ్డులో ఫిట్టరు. సెలవు దొరికితే మట్టిదారుల్లో మోటారు సైకిలు పందేలు తోలేవారు. తొంభైల చివర్లో బెళుగుప్ప అవతలి బీళ్లలో, శెనక్కాయ పీకేశాక, ఏటా ఒక పందెం జరిగేది. బళ్లారి నుంచి, బెంగళూరు నుంచి కూడా బండ్లు వచ్చేవి. కంకర గుట్ట ఎక్కి, చేల గట్ల పక్కగా తిరిగి, ఇసుక మేట వేసిన, వాగులాంటి ఒక ఎండు వంకలోకి దిగి మళ్లీ పైకి రావాలి. అలా ఆరు చుట్లు.

నేను మొదటిసారి దిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రెండో చుట్టులోనే బండి గుట్ట మీద ఆగిపోయింది. ఎంత తన్నినా స్టార్టు కాదు. ఎండకు కండ్లు తిరుగుతున్నాయి. మూడో స్థానంలో వస్తున్న బండి ఒకటి నా పక్కన ఆగింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, మాసిన ఖాకీ ప్యాంటు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి స్పానరు తీసి, ఏమీ అడక్కుండా నా ప్లగ్గు విప్పారు. అది నల్లగా మాడిపోయి ఉంది. తన దగ్గరున్న కొత్త ప్లగ్గు బిగించారు. ఈలోగా ఏడు బండ్లు మమ్మల్ని దాటి వెళ్లాయి.

"అన్నా, నా వల్ల నీ పందెం పాయెనే" అన్నాను.

"పందెం యాడికి పోతాదప్పా, వచ్చే ఏడూ ఈడనే ఉంటాది. ముందు గుక్కెడు నీళ్లు తాగు, మొగమంతా ఎట్లయిందో చూడు."

అప్పట్నుంచి నేను ఆయన వెనకాలే తిరిగాను. బండి పడేటప్పుడు చేతులు వదిలేయడం ఎట్లాగో, ఇసుకలో ముందు చక్రం తేలికగా ఉంచడం ఎట్లాగో ఆయనే నేర్పారు. పందానికి ముందు రోజు దారి పొడవునా నడిచేవారు. జాలి ముండ్ల కంపలు పక్కకు లాగేవారు. యాడ గుంత ఉందో, యాడ రాయి దొర్లుతుందో చూసుకుని వచ్చి, సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేసేవారు. పోటీదార్లకు కూడా. నాకది వెర్రితనంగా తోచేది. ఒకసారి అన్నాను కూడా, "అన్నా, ఇవన్నీ నీలోనే పెట్టుకుంటే నువ్వే గెలుస్తావు గదా" అని. ఆయన టీ ఊదుకుంటూ, "వాడు గుంతలో పడితే నేను గెలిచినట్లు యాడైతాది? గుంత గెలిచినట్లు అయితాది" అన్నారు.

పందెం అయ్యాక బండ్లు తొక్కి చెదరగొట్టిన గట్ల రాళ్లను మళ్లీ పేర్చి గానీ ఊరికి బయల్దేరేవారు కాదు. రైతులు మరుసటి ఏడాది చేలల్లోంచి పోనిచ్చారంటే అది ఆయన మొహం చూసే.

అన్నేళ్లు తోలినా ఆయన ఒక్కసారీ గెలవలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు పడేవారు, ఆయన ఆగేవారు. లెక్క అంతే. ఆ మైదానంలో ఒక కట్టుబాటు కూడా ఉండేది. పడ్డ మనిషిని చూసి కూడా ఆగకుండా పోయినవాడి గెలుపు చెల్లదు. కానీ ఆయన ఆగింది కట్టుబాటు కోసం కాదు.

నాలుగో ఏడు వచ్చేసరికి నేను బాగా తోలుతున్నానని పేరొచ్చింది. బెంగళూరు నుంచి ఒక జట్టువాళ్లు వచ్చారు. గెలిచినవాణ్ణి తమతో తీసుకుపోతామన్నారు. అంతకు ముందు రాత్రుళ్లు నాకు నిద్ర లేదు. మా నాయన యూనిట్లో కూర్చుని జిప్పులు లెక్కపెట్టే బతుకు నుంచి బయటపడే దారి అదొక్కటేనని నమ్మాను.

ఆ ఏడు ఎవరూ పడలేదు. అందుకే ఆయన ముందున్నారు. ఐదు చుట్లూ ఆయన ముందు, నేను వెనక. అంతమంది జనం "రైల్వే అన్నా" అని అరుస్తుంటే నాకు లోపల మంటగా ఉండింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మంట నిజం.

ఆఖరి చుట్టులో వంకలోకి దిగాను. దిగువన బండి అడ్డంగా పడి ఉంది. దాని కింద ఆయన ఎడమ కాలు. సైలెన్సరు మోకాలి మీద ఉంది. మామూలుగా అక్కడ దుమ్ము లేస్తుంది. కానీ ఆ పొద్దు గాలికి దుమ్మంతా పక్కకు పోయి, అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. ఆయన చెయ్యెత్తారు.

"అప్పా! బండెత్తు! కాలు కాలతాంది!"

నేను వేగం తగ్గించాను. గేరు కూడా దించాను. ఒక క్షణం ఆయన కండ్లు, నా కండ్లు కలిశాయి. మూడోవాడు చాలా వెనక ఉన్నాడని నాకు తెలుసు. ఆగినా వెనకబడి ఉండేవాణ్ణి కానేమో. అయినా ఆగలేదు. యాక్సిలరేటరు తిప్పాను. నా వెనక చక్రం చిమ్మిన ఇసుక ఆయన మీద పడి ఉంటుంది.

గెలిచాను. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అప్పుడు పందెం పెద్ద ఒకాయన దగ్గరికొచ్చి అడిగాడు, "ముందు రైల్వే అన్న గదప్పా ఉండె? యాడ పడినాడు, చూసినావా?"

"లేదన్నా. దుమ్ము" అన్నాను.

ఆ అబద్ధం నేను ఆగకపోవడం కంటే పెద్ద తప్పు. నిజం చెప్పి ఉంటే అప్పటికప్పుడు మనుషులు పరుగెత్తేవారు. నా తర్వాత పందెంలో మిగిలిన బండ్లు రెండే, అవీ గుట్ట దగ్గరే చెడిపోయి నిలిచాయి. పక్క చేలో మిగిలిన కాయలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు ఆయన కేకలు విని వచ్చి, బండిని పక్కకు దొర్లించారు. ట్రాక్టరులో తీసుకొచ్చేసరికి నా మెడలో దండ వాడుముఖం పట్టింది.

ఆయన మోకాలికి తడి టవలు చుట్టి ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. పందెం పెద్ద వంగి అడిగాడు, "ఎవరన్నా చూసి కూడా పోయినారా? చెప్పు, వాని పేరు కొట్టేస్తాం."

ఆయన నా వైపు చూశారు. ఎంతసేపో చూసినట్లనిపించింది.

"దుమ్ములో ఎవరికి కనపడతాది? నా ముందు చక్రం నాకే కనపడలేదు" అన్నారు.

నేనప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. బెంగళూరు పోయాను. అక్కడ రెండేళ్లు తోలాను, పెద్దగా రాణించలేదు. ప్రతి పందెంలోనూ పడ్డ బండి పక్కనుంచి పోయేటప్పుడు ఒళ్లు బిగుసుకుపోయేది. తిరిగొచ్చి నాయన కుర్చీలోనే కూర్చున్నాను.

ఆయన విరిగిన ఎముక అతుక్కుంది గానీ మోకాలు మళ్లీ మడత పడలేదు. షెడ్డులో స్టోరు పనికి మార్చారు. ఆయన పందేలు తోలడం ఆగిపోయింది. ఇవన్నీ ఎవరెవరో చెప్తే విన్నాను. గుంతకల్లు మీదుగా పోవాల్సిన ప్రయాణాలు కూడా వేరే దారి పట్టించాను.

మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం ధైర్యం చేసి వెళ్లాను. రైల్వే క్వార్టర్సులో, వరండాలో ఎడమ కాలు చాపుకుని, పక్కింటివాళ్ల సైకిలు చైను సరిచేస్తున్నారు. వదిన కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది. నేను నేల చూస్తూ మొదలుపెట్టాను.

"అన్నా, ఆ పొద్దు వంక కాడ..."

"చూసినావు. నాకు తెలుసు" అన్నారు, చైను మీంచి కండ్లెత్తకుండా.

"మరి అందరి ముందర ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నీ పందెం పోతాండె. నా కాలు వచ్చేది కాదు గదా." గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "నాకు కోపం లేదనుకోవద్దప్పా. ఉండాది. మబ్బు పడితే ఇది సలుపుతాది. అప్పుడు నిన్ను తిట్టుకుంటా."

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అయ్యాక ఒకటి అడిగారు. "ఒక పని చెయ్యి. ఏటా పందెం రోజు ఆ వంక దిగువన నిలబడు. నీళ్లు పెట్టుకో, ఒక తాడు పెట్టుకో. ఎవడన్నా పడితే లేపు. చాలు."

నిలబడతానని చేతిలో చెయ్యేసి చెప్పాను.

పోలేదు. మొదటి ఏడు ఆర్డరు ఉందని చెప్పుకున్నాను. రెండో ఏడు జ్వరమన్నాను. అసలు సంగతి, అక్కడ నిలబడితే ఎవరైనా "ఈడ ఎందుకు నిలబడినావు?" అని అడుగుతారని భయం. మూడో ఏడు తెలిసింది, ఆ పని ఆయనే చేస్తున్నారని. బస్సు దిగి, మడవని కాలితో ఆ బీట్లో నడిచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో ఒక కట్టెకు ఆనుకుని నిలబడేవారట. పోయిన ఏడాది కూడా నిలబడ్డారట. నేను మాటిచ్చి తప్పానని అక్కడ ఎవరితోనూ అనలేదు.

ఈ రాసింది వదిన చదువుతుంది. తెలియాలనే రాస్తున్నాను. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం ఆయన పోయిన రోజు కూడా లేకపోయింది.

మంగళవారం మధ్యాహ్నానికి గుంతకల్లు చేరాను. ఇరవై ముప్పై బండ్లు వీధిలో నిలబెట్టి ఉన్నాయి. ఆయన లేపిన వాళ్లే అందరూ. ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు అన్నకి బాగా కావాల్సినోడివి" అన్నాడు. తల వంచుకున్నాను.

వాళ్ల ఇండ్లలో పోయినవాళ్లను కాళ్లు మడిచి కూర్చోబెట్టి సమాధి చేస్తారు. గుంత దగ్గర ఆయన్ను దించబోతే ఎడమ కాలు ముడుచుకోలేదు. పెద్దాయన ఒకరు రెండుసార్లు ప్రయత్నించి వదిలేశారు. "ఈ కాలికి చోటు చాలదు. ముందుకు ఇంకొంచెం తవ్వండప్పా" అన్నారు.

గడ్డపార నేను తీసుకున్నాను. ఎర్రమట్టి కింద అంతా కంకర. అరచేతులు బొబ్బలెక్కేదాకా, ఒక కాలు పట్టేంత సన్నటి కాలువ తవ్వాను. తర్వాత ఆయన్ను దించుతుంటే ఆ కాలు పట్టుకోమని నాకే చెప్పారు. రెండు చేతులతో పట్టుకుని, తవ్విన చోట చాచి పెడుతున్నాను. ఎవరో పూసిన విభూతి నా వేళ్లకు అంటుకుంది.

పైనుంచి వదిన గొంతు వినిపించింది. "మెల్లగప్పా, మెల్లగ. ఆ కాలు ఆయనకి నొస్తాది."