అడుగులకు వండిన అరిసెలు

మేడ్చల్‌లో కొన్న అరిసెల డబ్బా మూత తీయగానే పాత నూనె వాసన కొట్టింది. మా పాప ఇవాళో రేపో నడుస్తుందని నా భార్య ముందే తెప్పించింది. మా అవ్వ చేసిన వాటికి మొదట బెల్లం పాకం, తర్వాత వేగిన నువ్వులు, చివర కట్టెల పొగ, ఈ వరుసలో వాసన వచ్చేది.

లాల్‌గడి మలక్‌పేట్‌లోని మా ఇంట్లో పసిపిల్లల ఎదుగుదలకు కొలత వంటలే. బోర్లపడితే పోలెలు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. వాడకట్టంతా పంచితేనే ఆ మెట్టు దాటినట్టు. మా చెల్లెలు మౌనిక మొదటి మూడూ ఆలస్యంగానైనా దాటి, నాలుగో దాని దగ్గర ఆగిపోయింది. ఏడాదిన్నర దాటినా చెక్కతో చేసిన మూడుగిర్రల బండి పట్టుకుని నిలబడేదే తప్ప, బండి కదిలితే కూలబడేది. సోమవారం పట్నంలో డాక్టరుకు చూపిద్దామన్నాడు నాయిన.

నాకప్పుడు ఆరేళ్ళు. ఆ ఆదివారం, అరిసెల మీద ఆశతో, చెల్లెలి గౌను వెనుక నుంచి గుప్పిట్లో బిగించి పైకెత్తి, మూడడుగులు వేయించాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వకు పిల్ల కాళ్ళు కనిపించాయి గానీ నా చేయి కనిపించలేదు.

"సూశినవారా, పిల్ల నడిశింది," అంది నాయినతో. "నువ్వు గూడ గిట్లనే ఆలిసంగ నడిశినవ్. ఇగ దవాఖాన ఎందుకు?"

ఆ సాయంత్రమే బియ్యం నానబోసింది. సోమవారం పట్నం బస్సెక్కాల్సిన అమ్మ బియ్యం దంచుతూ కూర్చుంది. నేను ఏడు అరిసెలు తిన్నాను. ఇల్లిల్లూ పంచాక, పిల్ల ఇంకా నడవడం లేదని ఒప్పుకోవడం మా వాళ్ళకు నామోషీ అయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చెల్లెలికి నాలుగేళ్ళు. తుంటి కీలు తప్పి ఉందనీ, అప్పుడే తెస్తే ఇంత కుంటు మిగిలేది కాదనీ అన్నాడాయన. మేము తొక్కుడుబిల్లలో ఒంటికాలి మీద గెంతుతుంటే ఆమె అరుగు మీద కూర్చుని, ఎవరి కాలు గీతకు తగిలిందో చెప్పేది. ఎన్నడూ తప్పు చెప్పలేదు.

ఆ అరుగు పోయింది, అవ్వ పోయింది, మూడుగిర్రల బండి పొయ్యిలోకి పోయింది. తొక్కుడుబిల్ల గీతలు గీసిన నేల మీద ఇప్పుడు ప్లాట్ల రాళ్ళున్నాయి. ఆ గౌను సంగతి మాత్రం నేను మౌనికకు ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ మా ఇంటికి వచ్చిన మౌనిక గోడ పట్టుకుంటూ వచ్చి, నేను తెరిచిన అరిసెల డబ్బా మూత తనే మూసింది.

"ఎవ్వలు పట్టుకోకుండ నడిశినంకనే పంచుదాం, అన్నా."

సోఫా పట్టుకుని నిలబడ్డ పాప ఒక చేయి వదిలింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.