ఇసక లేని మెత్తళ్ళు

2025 వేసవి. బందరులో మాకో చిన్న డిటిపి షాపు ఉంది. డిటిపి అంటే కంప్యూటర్లో అక్షరాలూ బొమ్మలూ పేర్చి అచ్చుకి సిద్ధం చేసే పని. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, పచ్చడి సీసాల లేబుళ్ళు, ఏదైనా చేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా దగ్గర చుట్టాలకన్నా ముందు నాకే, ఈ షకీలాకే తెలుస్తుంది.

ఆ ఏడాది మాత్రం నాకు గుబులు పట్టుకుంది. వచ్చిన ప్రతివాళ్ళూ "డిజైన్ ఏఐలో చేసుకొచ్చాం మేడం, ప్రింట్ తీసిస్తే చాలు" అనడం మొదలుపెట్టారు. ఫోన్‌కి నోటితో చెబితే బొమ్మ గీసిస్తోంది. పైకి నవ్వుతూ "అలాగేనండీ" అనేదాన్ని గానీ లోపల ఉడికిపోయేదాన్ని. కళ్ళజోడు నంబరు పెరిగేదాకా కూర్చుని నేర్చుకున్న పని మరి.

ఆ రోజుల్లోనే ఒక శనివారం నాగేశ్వరమ్మ నెత్తిన తట్టతో వచ్చింది. కోడూరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. మెత్తళ్ళు, అంటే వేలెడంత ఉండే సన్నటి ఎండుచేపలు, తట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్ముతుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక బరువు మొయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గుడివాడలో ఒక కిరాణా షాపాయన, ప్యాకెట్లు కట్టి మంచి లేబుల్ అంటించి తెస్తే తన షాపులో పెట్టి అమ్ముతానన్నాడట. సోమవారం నమూనా చూపించాలి. ఆయనకి నచ్చితే తట్ట దించెయ్యొచ్చు. లేదంటే అవే మోకాళ్ళతో మళ్ళీ ఎండలో తిరగాలి.

"బొమ్మ నేనే చేశానక్కా," అని ఫోన్ నా చేతికిచ్చింది. "నాకు ముగ్గు కూడా తిన్నగా రాదు. నేను ముగ్గేస్తే మా ఆడపడుచు వాకిట్లో నిలబడి మరీ నవ్వేది. అలాంటిదాన్ని, చూడు ఏం చేశానో!"

"అంత తేలిగ్గా వచ్చిందా?"

"ఎక్కడ? మొదట మెత్తళ్ళు అంటే మెత్తటి దిండ్లు గీసిచ్చింది. పడుకునేవి కాదు నాయనా, తినేవి అని తిట్టాను. అప్పుడు దారికొచ్చింది."

నవ్వుతూనే చూశాను. చూశాక నవ్వు ఆగిపోయింది. పొద్దుటి సూర్యుడు, నీలం సముద్రం, బంగారంలా మెరిసే ఇసుక మీద బారులు తీరిన చేపలు. అంత బాగా నేను చెయ్యలేను. నాకు కుళ్ళు పుట్టిందని చెప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటం లేదు.

కుళ్ళు పుట్టినప్పుడు తప్పులు బాగా కనిపిస్తాయి. మెత్తళ్ళులో ళ వత్తు గల్లంతయింది. కింద రాసింది ఏ భాషో దేవుడికే తెలియాలి. రిజల్యూషన్, అంటే అచ్చులో బొమ్మ చెదరకుండా ఉండే గుణం, చాలలేదు. అవన్నీ సరిచేసి, మంచి ఫాంట్‌లో పేరు కొట్టి, ప్రూఫ్ తీశాను. అసలు అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి తీసే కాపీని ప్రూఫ్ అంటాం. ఇద్దరం తిప్పి తిప్పి చూసుకున్నాం. ఇక ఢోకా లేదనుకున్నాం.

ఇంతలో ఆధార్ జిరాక్స్ కోసం పక్కింటి లలితగారు వచ్చారు. ప్రూఫ్ తీసుకుని చూశారు.

"బొమ్మ ఎంత బావుందండీ! కానీ మా ఇంట్లో ఇవి కొనం. ఇసుకలో ఆరబెట్టినవి ఎంత కడిగినా పళ్ళకింద కరకరమంటాయి."

ఆవిడ జిరాక్స్ తీసుకుని వెళ్ళిపోయారు. నాగేశ్వరమ్మ స్టూలు మీద కూలబడింది.

"నా మతి మండా! ఇరవై ఏళ్ళుగా వీధుల్లో నేను అరిచేది ఆ మాటే కదక్కా. ఇసక లేని మెత్తళ్ళోయ్ అనే కదా అరుస్తాను!"

వాళ్ళింట్లో చేపలు నేల మీద పొయ్యరట. గెడలు పాతి, పాత వల బిగించి కట్టి, దాని మీద ఆరబెడతారు. ఆమె చేపలకున్న పేరంతా ఆ వల వల్లే. సొంత బొమ్మ అందానికి మురిసిపోయి ఆమె దాన్ని మర్చిపోయింది. నేనేమో వత్తులు దిద్దుకుంటూ ఇసుకనే చూడలేదు.

మళ్ళీ ఫోన్‌కి చెప్పింది. వల అనగానే అది చేపల్ని వలలో పట్టేసింది. వల మీద అంటే, రెండు కొబ్బరిచెట్ల మధ్య చేపలకి ఉయ్యాల కట్టింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. చివరికి తోడికోడలికి ఫోన్ చేసి, దొడ్లో ఆరబెట్టిన చేపల్ని ఫొటో తీసి పంపమంది. రెండు నిమిషాల్లో వచ్చింది. ఓ పక్క పిల్లి తోక కూడా పడింది.

నేను కత్తిరించి అతికిస్తున్నాను. పక్కన కూర్చుని ఆమె చెబుతోంది.

"ఆ సముద్రం తీసెయ్యక్కా. సూర్యుణ్ణి ఉంచు. వల కింద నీడ కనపడాలి, చేప నేలకి తగల్లేదని తెలియాలి."

"పిల్లి తోకో?"

"దాన్ని పంపించెయ్."

ఏది ఉంచాలో, ఏది తియ్యాలో, ఎందుకో చెబుతోంది. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. మౌస్ నా చేతిలో ఉందన్నమాటే గానీ ఆ పూట డిజైనర్ ఆవిడే.

పైన 'ఇసుక లేని మెత్తళ్ళు' అని కొట్టాను. ఆమె కూడబలుక్కుని చదివి అడ్డంగా తలూపింది.

"ఇసుక కాదక్కా, ఇసక."

"రాసేటప్పుడు ఇసుక అనే రాయాలి."

"నేను ఇసకనే అరుస్తాను. ఆ అరుపు వినే తలుపు తీస్తారు."

పెళ్ళికార్డుల్లో అక్షరదోషం కోసం పురోహితులతో కూడా వాదించినదాన్ని నేను. ఏమనుకున్నానో ఏమో, కొమ్ము తీసేశాను.

సోమవారం మధ్యాహ్నం గుడివాడ బస్టాండు నుంచి ఫోన్ చేసింది. ఆ రొదలో ఆమె గొంతే పైన వినిపించింది.

"ఆయన ప్యాకెట్ పట్టుకుని పైకి చదివాడక్కా, ఇసక లేని మెత్తళ్ళు అని. అచ్చం నేను అరిచినట్టే! పెట్టుకుంటానన్నాడు!"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే.

ఏఐ వస్తే అందరూ కళాకారులైపోతారా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు గుబులు లేదు. ముగ్గు రాని చేతికి అది బొమ్మ ఇచ్చింది. అది లేకపోతే నాగేశ్వరమ్మ నా షాపు మెట్లు ధైర్యంగా ఎక్కేది కాదేమో. కానీ ఆ వల సంగతి దానికి తెలియదు, ఆ అరుపు అది ఎన్నడూ వినలేదు. అవి మనిషి తెచ్చుకోవాలి. ఒక్కోసారి, ఉన్నవి మర్చిపోకుండా గుర్తుచేసే లలితగారు కూడా కావాలి. నా మటుకు నాకు పని తగ్గలేదు, మాటలు మాత్రం పెరిగాయి. ఇప్పుడు ఎవరు బొమ్మ తెచ్చినా, ముందు కూర్చోబెట్టి మీ సరుకు గొప్పేమిటో చెప్పండి అంటున్నాను.

రెండో విడత లేబుళ్ళకి నాగేశ్వరమ్మ బస్సు దిగి చేతులూపుకుంటూ వచ్చింది. తట్ట లేకుండా ఆమెను చూడడం అదే మొదలు. లేబుల్ కింద మూల మేం చిన్న అక్షరాల్లో మా షాపు పేరు వేసుకుంటాం. అక్కడ వేలు పెట్టింది.

"ఇక్కడ నా పేరు వెయ్యవా అక్కా? బొమ్మ నాదే కదా."

మా షాపు పేరు తీసేసి, 'డిజైన్: నాగేశ్వరమ్మ' అని కొట్టాను. అక్షరం అక్షరం చదువుకుని తృప్తిగా తలాడించింది.

"ఒకటి ఎక్కువ తియ్యక్కా. మా ఆడపడుచుకి పంపాలి."