కల్లు వాసన రాని నోరు

నాకు అనుమానం ఎక్కువ. ఆ సంగతి మా ఆయనకు బాగా తెలుసు.

మాది హాలియా దగ్గర పల్లె, గొర్లే మా బతుకు. మొదటి ఎలక్షన్లు అయిన ఏడాది పట్నం దవాఖానలో ఆయన రొమ్ము కోసి, ఎముక వెనక పెరిగిన గడ్డను తీశారు. ఆ గడ్డ వల్లే పొద్దుగూకేసరికి ఆయన కంటిరెప్పలు వాలిపోయేవి, మాట ముద్దయ్యేది. తీశాక కోలుకున్నాడు, కల్లు కూడా మానేశాడు. ఎన్నేళ్లకైనా తిరిగి రావచ్చు, చూపించుకుంటూ ఉండమన్నాడు డాక్టరు. గొర్రెకు గడ్డ కోస్తే మానిందంటే మానినట్టే, మనిషికి మాత్రం వేరేనా అనుకున్నాను. మూడేళ్లు దవాఖానకు పోయి చూపించుకొని, ఆపేశాం.

గడ్డ కోసిన పదకొండేళ్లకు, సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో, మందను దొడ్డికి తోలుతూ ఆయన వేసే ఈల వినపడకుండా పోయింది. కళ్లు సగం మూసుకొని, ముద్దముద్దగా మాట్లాడుతూ వచ్చేవాడు. తెల్లారితే మళ్లీ శుభ్రంగా ఉండేవాడు. పాత జబ్బు గుర్తుకు రాకపోలేదు. కోసి పారేసిందే కదా అని పక్కన పెట్టాను. ఇది కల్లు పనే.

నోరు వాసన చూశాను. ఏమీ రాలేదు. వేపాకు నమిలి వస్తున్నాడని నా అనుమానం ఇంకా పెరిగింది. కల్లు దుకాణానికి పోయి నిలదీస్తే, "అన్న ఇటుదిక్కు రాక శానా ఏండ్లాయె వదినా" అన్నాడు దుకాణం ఆయన. ఇద్దరూ కూడబలుక్కున్నారని ఆయన్నీ తిట్టి, ఇంటికొచ్చి ఈయన్నీ కడిగేశాను. తల వంచుకొని విన్నాడే తప్ప తాగలేదని ఒక్క మాట అనలేదు. అంతకంటే రుజువేం కావాలి నాకు?

ఒకనాడు దీపం పెట్టే వేళ, తినేటప్పుడు ఎదురుగా కాపలా కూచున్నాను. జొన్నరొట్టె నాలుగు ముక్కలు నమిలాడో లేదో దవడ ఆగిపోయింది. గడ్డం కింద చెయ్యి పెట్టి, పైకి నెట్టుకుంటూ నమలసాగాడు. తాగినవాడెవడూ అట్లా తినడు. ఇది కోసి పారేసిన ఆ జబ్బే.

"ఎన్నాళ్ల సంది గిట్ల?"

"జొన్న కోతల కాడి నుంచి."

"మరి చెప్పవేంది? తాగుతున్నవని గన్ని తిట్లు తిడితిని గదా!"

ఆయన దవడ పట్టుకొనే ఉన్నాడు. "తిట్టనియ్యి అనుకున్న. పోయినసారి దవాఖానల నువ్వు ఏడ్సిన ఏడ్పు నాకింక యాదికున్నది. గది మల్ల సూడలేను."

మర్నాడు పొద్దున్నే మందను మరిదికి అప్పజెప్పి ఆయన్ను పట్నం బస్సెక్కించాను. దవాఖాన గేటు దాకా ఆపకుండా తిడుతూనే ఉన్నాను. ఒక్క చుక్క కన్నీరు రానివ్వలేదు.