శనివారం ఆటో

నా కూతురు తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది, నెలకు ఐదు వందలు దాని చేతికే ఇవ్వడం మొదలుపెట్టాను. పెన్నులు, రిబ్బన్లు, చిరుతిండి, స్నేహితుల పుట్టినరోజులు అన్నీ అందులోనే.

"అయిపోతే మళ్ల అడగొద్దు. ప్రతి రూపాయి రాయాలె. ఆదివారం నాకు చూపియ్యాలె" అన్నాను. ఇంట్లో బట్టలు కుట్టి సంపాదించిన డబ్బు కాబట్టి ఆ మాత్రం అడగవచ్చనుకున్నాను.

మొదటి రెండు నెలలు ఆ పుస్తకం చూసి మురిసిపోయాను. మూడో నెలలో ఒక చోట నా వేలు ఆగింది. 'శనివారం, ఆటో, నలభై.' పేజీ వెనక్కి తిప్పాను. అంతకుముందు శనివారమూ అదే. మా ఊరి నుంచి అశ్వారావుపేట బడికి బస్సు ఉంది. ఆడపిల్లలకు టికెట్టు లేదు.

"ఆటో ఎందుకే?"

"బస్సు లేటైంది."

"ప్రతి శనివారమా?"

"అవ్" అంది, నా మొహం చూడకుండా జడ విప్పుకుంటూ.

ఆ 'అవ్' నాకు నచ్చలేదు. మర్నాడు అది స్నానానికి పోయినప్పుడు బ్యాగు వెతికాను. పుస్తకాల అట్టల లోపల కూడా చూశాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. ఫోను కొని దాస్తోందా? ఎవడైనా వెంటపడి గుంజుతున్నాడా? ఆ వారం ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను. మా సందు చివర ఆటో నడిపే అతన్ని మాట వరసకన్నట్టు అడిగాను.

"మీ పాప ఆటో ఎక్కంగ నేనెన్నడు చూడలే అక్కా. బస్సులనే పోతది" అన్నాడు.

ఆ శనివారం బడి వదిలే వేళకు పోయి, గేటుకు ఎదురుగా ఒక దుకాణం పక్కన నిలబడ్డాను. నా కూతురు బస్సు దగ్గరికి పోలేదు. మరో ఏడుగురు ఆడపిల్లలతో సైకిళ్ల షెడ్డు వెనక్కి నడిచింది. నేను పోయేసరికి తలా రెండు ఇరవై నోట్లు తీసి ఒక పొడుగుపిల్ల చేతిలో పెడుతున్నారు.

"ఏందిది?" అన్నాను.

నా కూతురి మొహం పాలిపోయింది. పొడుగుపిల్లే జవాబిచ్చింది. "చీటీ ఆంటీ. ఎనిమిది మందిమి. వారానికి ఒకళ్లకు మూడొందల ఇరవై."

"ముందుగాల ఎత్తుకున్నోళ్లు తర్వాత కట్టకపోతే?"

"వాళ్ల సైన్సు రికార్డు నా దగ్గరుంటది. చీటీ అయినంకనే ఇస్త."

అని, ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, డబ్బున్న గుప్పిట వెనక్కి దాచుకుంది. లాక్కుంటాననుకుంది కాబోలు.

ఇంటికి వచ్చాక అడిగాను. "దొంగ లెక్క ఎందుకు రాసినవ్?"

"చీటీ అని రాస్తే నువ్వు ఊకుంటవా?"

ఊరుకునేదాన్ని కాదు. నాలుగేళ్ల క్రితం మా వీధిలో చీటీలు నడిపే ఆవిడ చెప్పాపెట్టకుండా ఊరొదిలిపోయింది. నావి ఇరవై వేలు పోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వలేదు.

"నా పైసలు ఎట్ల పోయినయో ఎరుక లేదా నీకు?"

"ఎరుకనే. నాన్నకు ఎరుకనా?"

తెలియదు. మా ఆయన పామాయిల్ గెలలు తోలే ట్రాక్టరు నడుపుతాడు. ఆ ఇరవై వేలు మా అమ్మ వైద్యానికి ఇచ్చానని ఆయనతో అప్పట్లో చెప్పాను.

చీటీ మాన్పించలేదు. కానీ దాని వంతు ఆఖరుది. ఎవరో ఒకరు ముంచుతారని వారం వారం కాచుకున్నాను. ఏడో వారం అయ్యాక ఒక పిల్ల ఇంట్లోవాళ్లతో మిర్చి కోతకు పోయి, బడికి రావడం మానేసింది.

"నేను చెప్పిన్నా లేదా?" అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట అనడంలో నాకు కొంచెం తృప్తి కూడా ఉంది.

ఆ శనివారం నా కూతురు రెండు వందల ఎనభై తెచ్చుకుంది. "వాపసొచ్చినంక ఇస్తది" అని తన పని తను చూసుకుంది. మూడు వారాలకు ఆ పిల్ల వచ్చింది. నలభై కట్టి, రికార్డు తీసుకుపోయింది.

ఇప్పుడు లెక్కల పుస్తకం అది చూపిస్తేనే చూస్తున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం, అన్నం తింటుంటే, మా ఆయనకు ఇరవై వేల సంగతి చెప్పాను. కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఇంక ఏమన్న ఉన్నయా చెప్పేటియి?" అన్నాడు.

"లేవు" అన్నాను.

నమ్మాడో లేదో తెలియదు. ఇవాళ్టికీ కుట్టుకూలి డబ్బులు నేను డబ్బాలో వేస్తుంటే, టీవీ మీంచి చూపు తిప్పి ఒకసారి నా చేతుల వైపు చూస్తాడు.