ఫెర్మీన్ బిగించిన చల్లగాలి

ఎడారి ఊరైన మా టూసాన్ పాతపేటలోని మట్టి ఇటుకల ఇళ్ళన్నిటికీ చోనాయే దిక్కు. హీటర్లు, కూలర్లు పరీక్షించి ఏది ఉంచాలో, ఏది పీకెయ్యాలో చెబుతుంది. అన్నాలవేళకి మాత్రం ఆవిడని పిలవకూడదు. ఎవరి గొట్టంలో ఏం దొరికిందో వర్ణించి వర్ణించి చెప్పి, మనం పళ్ళెం పక్కకి నెట్టగానే "నువ్వు తినవా?" అని తనే లాక్కుని తినేస్తుంది. అంత గట్టి కడుపు! అలాంటి మనిషి వాంతి చేసుకోగా ఒక్కసారే చూశాను, వాళ్ళ మేనత్త అర్సేనియా మిద్దె మీద.

అర్సేనియాను మేమంతా తియా, అంటే అత్త, అని పిలుస్తాం. ఆవిడకి ఉబ్బసం. ఎండలు ముదిరాయని ఫెర్మీన్ ఆవిడ ఇంటికి కొత్త ఏసీ బిగించాడు. వాడికి జ్ఞానస్నానపు తల్లి ఆవిడే, అందుకని 'నీనా' అని పిలుస్తాడు. ఆవిడకీ వాడు కన్నకొడుకుతో సమానం. ఏసీ వచ్చినప్పటినుంచే దగ్గు ఎక్కువైంది. రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. మళ్ళీ వెళితే తిరిగి రాదేమోనని మాకు భయం.

చోనా మిద్దె ఎక్కింది, వెనకాలే నేను. పాత నీళ్ళ కూలర్ పెట్టె అక్కడే ఉంది. దాన్ని వాడనప్పుడు కింద గొట్టానికి రేకు మూత వెయ్యాలని మా పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఫెర్మీన్ కొత్త ఏసీని ఆ పాత గొట్టానికే కలిపాడు గానీ మూత వెయ్యలేదు. పావురాలు గొట్టంలోకి దిగి కాపురం పెట్టాయి. రెట్టలు, ఈకలు, మురిగిన గుడ్లు, పురుగులు లుకలుకలాడే చచ్చిన పిల్లలు. కొత్త మిషను ఆ దరిద్రం మీదుగానే ఊది తియా మంచం మీదకి పంపుతోంది. చోనా అక్కడే కక్కేసింది. తర్వాత ఆ చెత్తతో బకెట్ నింపుకుని దిగింది.

"నా ఫెర్మీన్ అలా చెయ్యడే! నీకు వాడంటే మొదట్నుంచీ పడదు" అంది తియా.

"నాకు పడకపోతే పోనీ, నీ ఊపిరికి పడట్లేదు కదా తియా!"

కబురందుకుని ఫెర్మీన్ వచ్చాడు. బకెట్ చూసి నవ్వాడు. "పాత ఇల్లు కదా నీనా, పిట్టలు మామూలే. చల్లగా వస్తోందా లేదా?"

తియా కొంగులా ఏప్రాన్ ముక్కుకి అడ్డం పెట్టుకుని బకెట్‌లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"వస్తోంది నాయనా. ఎండన పడి వచ్చావు. వెళ్ళి నా మంచం మీద ఓ కునుకు తియ్యి. తలుపేసుకో."

"నాకు... బయట పనుంది నీనా."

"రోజూ నేను పడుకునేదేగా. పడుకో."

వాడు కదల్లేదు. తియాకి దగ్గుతెర వచ్చింది. గోడ పట్టుకుని, తనే వెళ్ళి ఏసీ ఆపేసింది.

"చోనా, ఆ గొట్టాలన్నీ పీకించు. అయ్యేదాకా మీ ఇంట్లో ఉంటా."

"నేను కడిగేస్తాలే నీనా" అన్నాడు ఫెర్మీన్.

"నువ్వు ముట్టుకోకు. నిన్ను చూస్తేనే మళ్ళీ కడుపులో తిప్పుతోంది" అంది చోనా.

కొత్త గొట్టాలు పడ్డాక తియా మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కలేదు. ఫెర్మీన్ ఇప్పటికీ వస్తాడు, ఆవిడ ఇప్పటికీ కాఫీ ఇస్తుంది. వాడి కుర్చీ మాత్రం గుమ్మం బయట వేస్తుంది, ఎంత ఎండైనా సరే.